కొర్రలకు కాగితం

ఈ సంవాదంలో మాట్లాడే వదినా మరిదీ నా కల్పన. వాళ్ళ నోట వచ్చే సంస్థలు, చట్టాలు, దేశాల లెక్కలు మాత్రం ఉన్నవే.

వదినది తనకల్లు మండలంలో ఒక పల్లె. వాన మీద చెనక్కాయ, బోరు కింద రోంత టమోటా, అరెకరం మల్బరీ. రెండెకరాల చేనులో మాత్రం ఐదారేళ్ళుగా యూరియా, పురుగుమందు ఆపేసి కొర్ర, రాగి, అలసంద వేస్తోంది. మహిళా సంఘం ద్వారా ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన మనిషి. మరిదికి బెంగుళూరులో ఆర్గానిక్ సరుకుల అంగడి ఉంది. మందులు మానేసిన రైతుకూ, మందుల్లేని తిండి అమ్మే వ్యాపారికీ పేచీ ఏముంటుంది అనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ వ్యాపారంలో అసలు పేచీ ఆ ఇద్దరి నడుమే ఉంది. పురుగుమందుల అంగడితో ఆమెకున్నది పాత తగాదా, అది అందరూ రాశారు. ఇది కొత్తది.

దీపావళికి ఊరికొచ్చిన మరిది నులకమంచం మీద కూర్చున్నాడు. వదిన పీకి తెచ్చిన చెనక్కాయ చెట్లు ముందేసుకుని కాయలు తెంపుతోంది.

మరిది: వదినా, ఈసారి కొర్రలు, రాగులు, అలసందలు అన్నీ నాకే ఇచ్చెయ్. గిరాకీ మామూలుగా లేదు. 2023లో ప్రపంచమంతా కలిపి ఆర్గానిక్ తిండి అమ్మకం 13,600 కోట్ల యూరోలు. పాతికేళ్ళ కిందట ఇందులో పదో వంతు చిల్లర ఉండేది. సర్టిఫికెట్ ఉన్న ఆర్గానిక్ రైతులు అన్ని దేశాల కంటే మన దేశంలోనే ఎక్కువ, ఇరవై లక్షల పైన.

వదిన: పండించేటోళ్ళు ఈడ ఎక్కువ ఉండారు, సరే. కొనేటోళ్ళు యాడ ఎక్కువ?

మరిది: అమెరికా మొదటిది. దాని తర్వాత జర్మనీ, చైనా.

వదిన: అట్ల చెప్పు. మేము పండియ్యాల, వాళ్ళు తినాల, నువ్వు నడాన నిలబడాల.

మరిది: నడాన ఎవరో ఒకరు నిలబడకపోతే నీ కొర్రలు తనకల్లు దాటవు కదా. ఎగుమతి లెక్క చూస్తే...

ఆ లెక్క మరిది సగమే చెప్పాడు. మన దేశం నుంచి ఆర్గానిక్ సరుకు ఎగుమతి 2020-21లో 104 కోట్ల డాలర్లు. 2023-24కు అది 49 కోట్లకు పడిపోయింది. మరుసటి ఏడు కాస్త లేచి 66 కోట్లు దాటింది. కోవిడ్ కాలంలో గిరాకీ ఉబ్బడం, తర్వాత దిగడం ఒక కారణం కావచ్చు. నమ్మకం చెడడం ఇంకో కారణం. 2020లో మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే విషవాయువు అవశేషాలు ఉన్నాయని బెల్జియం పట్టుకుంది. 2021లో ఐరోపా సమాఖ్య మన సర్టిఫికెట్ సంస్థలు ఐదింటిని తన జాబితాలోంచి తీసేసింది. అదే ఏడాది అమెరికా, భారత ప్రభుత్వ సంస్థ అపెడా చేసే పర్యవేక్షణను ఇక లెక్కలోకి తీసుకోనంది. నువ్వులు పండించిన రైతు ఆ వాయువు పేరు కూడా విని ఉండడు. అది చేలో కొట్టేది కూడా కాదు, కోత అయిన తర్వాత సూక్ష్మజీవులు చావడానికి గోదాముల్లో పట్టించేది. దెబ్బ మాత్రం నువ్వుల పేరుకే తగిలింది.

మరిది: సరేలే, ఎగుమతి వద్దు. బెంగుళూరు చాలు. తిండే కాదు వదినా, తాగేవి కూడా. నా అంగట్లో ఆర్గానిక్ రాగి మాల్ట్ ఉంది, నన్నారి షర్బత్ ఉంది, కొంబుచా ఉంది.

వదిన: అదేంది అది?

మరిది: టీ డికాషన్‌ను చక్కెర వేసి పులియబెడతారు. కడుపుకు మంచిదని తాగుతారు.

వదిన: రాత్రి మిగిలిన సంగటిలో నీళ్ళు పోసి, పొద్దున్నే దాంట్లో మజ్జిగ, ఎర్రగడ్డ వేసుకోని తాగి మీ అన్న ముప్పై ఏళ్ళు మడక పట్టినాడు. ఆయన కడుపు గురించి ఎవురూ రాయలేదప్పా.

మరిది: నవ్వుకో. కానీ అరకు కాఫీ చూడు. ఆ గిరిజనులు కొండ మీద మందుల్లేకుండా పండించిన కాఫీకి 2017లో ప్యారిస్‌లో అంగడి తెరిచినారు. పక్కనున్న సంతకు మోసుకుపోయి దళారి చెప్పిన రేటుకు ఇచ్చే సరుకు అది. పేరు కట్టినాక రేటు వచ్చింది. రాగికి అట్ల ఎందుకు రాకూడదు?

వదిన: కాఫీ వాళ్ళ ఇండ్లల్లో అన్నం కాదు. అమ్మేదానికే పండిస్తారు, అమ్మితే మంచిదే. రాగి నా పిల్లోళ్ళ ముద్ద. మంచి రేటు వచ్చిందని రాగులన్నీ నీకు కొలిచేసి, ఆ దుడ్లతో నేను అంగట్లో బియ్యం కొనుక్కోవాలనా? అప్పుడు బెంగుళూరోళ్ళకు సంగటి, నాకు చక్కెర రోగం.

ఈ మాటకు మరిది దగ్గర గబుక్కున జవాబు లేదు. నాకూ లేదు. కాఫీకీ రాగికీ ఉన్న ఈ తేడాను ఆర్గానిక్ వ్యాపారం గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా దాటేస్తారు.

మరిది: అసలు మీరు కొర్రలు తినడం ఎప్పుడో మానేసినారు కదా. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చినాక ఈ పక్క కొర్రన్నం వండిందెవరు? మళ్ళీ గుర్తొచ్చింది ఖాదర్ వలి వల్ల. ఆయన మన కడప జిల్లా మనిషి, మైసూరులో ఉంటాడు. ఆయన వీడియోలు చూసి హైదరాబాదులో, బెంగుళూరులో మనోళ్ళంతా కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అని ఎతకడం మొదలుపెట్టినారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్య సమితి అదే ఏడాదిని చిరుధాన్యాల సంవత్సరం అన్నది. పట్నమోళ్ళు అడగబట్టే నువ్వు మళ్ళీ కొర్ర విత్తినావు. అవునా కాదా?

వదిన: అవును. విత్తనానికి రెండు ఊర్లు తిరిగినా. అంతా పోయింది. ఆ బియ్యం మా నోట్లో మన్ను కొట్టింది.

మరిది: ఆ బియ్యాన్ని తిట్టకు. కొర్రలు దంచి దంచి మా అమ్మ చేతులు కాయలు కాసినాయి. పొద్దున మూడింటికి లేచి రోట్లో పోసి దంచేది, చెరిగేది, మళ్ళీ దంచేది. బియ్యం వచ్చినాక ఆమె నిద్రపోయింది. మగోళ్ళు కొర్రన్నం తినడం మానేసినందుకు బాధపడతారు, దంచినోళ్ళు ఎవరూ బాధపడలేదు.

వదిన: (కాసేపు ఊరకుండి) అది నిజమే. మా అత్త ఎప్పుడూ కొర్రన్నం కావాలనలేదు.

మరిది: అందుకే చెప్తున్నా. ఇప్పుడు దంచే పని లేదు. కదిరిలోనే ఎర్త్ 360 వాళ్ళు చిరుధాన్యాలు పొట్టు తీసి అమ్ముతున్నారు.

కొర్ర గురించి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాగికి ఊడదీయాల్సిన గట్టి పొట్టు లేదు, నేరుగా పిండి పట్టవచ్చు. కొర్రకు గాజులాంటి పొట్టు ఉంటుంది. మిషన్లో ముందు దుమ్ము, ఆ తర్వాత గింజంతే ఉన్న రాళ్ళు పోవాలి. ఎర్రనేల మీద కల్లం చేస్తే రాయి రాకుండా ఉండదు. ఆ తర్వాత పొట్టు తీయాలి, పొట్టు ఊడనివాటిని మళ్ళీ వేరుచేసి ఇంకోసారి పంపాలి. ఇంత చేస్తే నూరు కిలోల కొర్రలకు అరవై, డెబ్బై కిలోల బియ్యం చేతికొస్తుంది. పైనున్న తవుడు ఉంచితే బలం, కానీ ఆ తవుడులోని నూనె వల్ల కొన్ని వారాలకే కనరు వాసన వస్తుంది. అందుకని తెల్లగా మెరుగు పట్టిస్తారు. అప్పుడది ఆరు నెలలు అంగట్లో ఉంటుంది, బలం పశువుల తొట్లోకి పోతుంది. బెంగుళూరు అంగట్లో కొర్ర బియ్యం ధర చూసి రైతుకు ముట్టిన ధరతో పోల్చి 'మోసం' అనేవాళ్ళు ఈ నూరు-అరవై లెక్కను మరిచిపోతారు. అయితే ఆ లెక్క తీసేసినా మిగిలే తేడా చిన్నదేమీ కాదు.

వదిన: మిషను నాది కాదు. రేటు నాది కాదు. కేంద్రం మద్దతు ధర ఇచ్చే పట్టీలో జొన్న ఉండాది, సజ్జ ఉండాది, రాగి ఉండాది. కొర్ర లేదు. నువ్వు చెప్పిందే రేటు.

మరిది: అందుకే సర్టిఫికెట్ తెచ్చుకో అంటాండా. కాగితం ఉంటే రేటు అడిగే హక్కు నీకొస్తుంది. కాగితం లేకుండా నేను ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని రాస్తే తప్పు. 2017లో నియమాలు వచ్చినాయి. సర్కారు ముద్ర ఉండాల.

వదిన: నా కొర్రలకు కాగితమా? నా చేను చూసి చెప్పు. నా మల్బరీ తోటకు ఆ పక్కన వేరేవాళ్ళ టమోటా. పోయిన ఏడు వాళ్ళు గాలి ఎటుందో చూడకుండా మందు కొట్టినారు. నాలుగో జ్వరం లేచిన పురుగు, ఇంక వారం పది రోజుల్లో గూడు కట్టాల. ఆకు వేసిన రెండు గంటలకు తల ఎత్తి అటూ ఇటూ ఊగి, పచ్చగా కక్కి, తట్టల్లోనే సన్నబడిపోయింది. పట్టుపురుగు కంటే పెద్ద ల్యాబు ఉండాదా నీ బెంగుళూర్లో?

మరిది: పట్టుపురుగు పురుగుమందును కనిపెడుతుంది వదినా, యూరియాను కనిపెట్టలేదు. నీ మల్బరీకి యూరియా వేస్తావా లేదా?

వదిన: వేస్తా.

మరిది: చూసినావా! నువ్వు అబద్ధమాడవని నాకు తెలుసు. బెంగుళూరు మారతహళ్ళిలో మూడో అంతస్తులో ఉండే ఆయమ్మకు ఎట్ల తెలుస్తుంది? ఆమె నీ చేనూ చూడలేదు, నీ మొగమూ చూడలేదు. ఆమెకు కాగితమే నీ మొగం.

ఈ వాదంలో మరిది పక్కనే ఉంటాను నేను. తెలిసిన మనిషి దగ్గర కొనేటప్పుడు కాగితం అక్కర్లేదు. ఆర్గానిక్ మార్కెట్ పెరగడమంటే తెలియని మనుషులు తెలియని మనుషుల దగ్గర కొనడమే. పచ్చి అబద్ధం చెప్పినా చిక్కుడుకాయ రుచిలో తేడా తెలియదు. కాబట్టి ఎవరో ఒకరు తనిఖీ చేసి చెప్పాలి.

వదిన: సరే, ఆ కాగితం ఎట్లొస్తాదో చెప్పు.

మరిది: రెండు దార్లు. ఒకటి ఎన్‌పీఓపీ. 2001 నుంచి నడుస్తాంది. బయటి సంస్థ వచ్చి చేను చూస్తుంది, పుస్తకాలు చూస్తుంది, అవసరమైతే పంటను ల్యాబుకు పంపుతుంది. ఏడాది పంటలకు రెండేళ్ళు, చెట్ల పంటలకు మూడేళ్ళు గడిస్తేనే పూర్తి ఆర్గానిక్ అంటారు. విదేశాలకు పంపాలంటే ఇదే ఉండాల. రెండోది పీజీఎస్. కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకోవడం. ఖర్చు దాదాపు ఉండదు. మన దేశంలో అమ్ముకోవచ్చు.

వదిన: ఆ రెండేళ్ళు నా పంట ఏ రేటుకు పోతాది?

మరిది: మామూలు రేటుకే.

వదిన: దిగుబడి పడేదీ ఆ రెండేళ్ళే కదప్పా. నేల మందుకు అలవాటు పడింటాది. నాకు మొదటి ఏడు కొర్ర గంపెడు కూడా కాలేదు. అంటే కష్టమున్నప్పుడు రేటు లేదు, కష్టం తీరినాక రేటు. మీ కాగితం రాసినోడు చేను చెయ్యలేదులే.

మరిది: అది నిజమైన లోపమే. అందుకే చిన్న రైతులు ఒక్కొక్కరు పోరు. పాతిక మంది నుంచి ఐదొందల మంది దాకా గుంపుగా చేరతారు, అందరికీ ఒకే సర్టిఫికెట్.

వదిన: ఆ సర్టిఫికెట్ ఎవురి పేరు మీద?

మరిది: శానా చోట్ల గుంపును నడిపే కంపెనీ పేరు మీద. ఖర్చు వాళ్ళదే కదా.

వదిన: అంటే నేను చేను మందు లేకుండా చేసినా, రేపు ఆ కంపెనీకి కాకుండా నీకు అమ్మాలంటే నా కొర్రలు మళ్ళీ మామూలు కొర్రలే. నా చేనుకు తాళం వేసి చెవి ఆయన జోబులో పెట్టుకున్నట్ల.

మరిది: ఇప్పుడు మారింది. 2025 జనవరిలో కొత్త నియమాలు తెచ్చినారు. రైతుల గుంపే చట్టం ప్రకారం సంస్థగా నమోదు కావాల.

వదిన: నియమం మారితే చెవి చేతులు మారిందా, అది చెప్పు.

మరిది: నెమ్మదిగా మారుతుంది. అందరినీ దొంగల మాదిరి చూడకు వదినా. హైదరాబాదు నుంచి 24 మంత్ర అని వచ్చింది. 2004లో రాజ్ శీలం మొదలుపెట్టినాడు. అప్పుడు ఆర్గానిక్ అంటే మన ఊర్లల్లో ఎవరికీ తెలీదు. వేల మంది రైతుల్ని గుంపులు కట్టి, అమెరికాలో మనోళ్ళు పోయే అంగళ్ళలో కందిపప్పు, బియ్యం పెట్టినారు. 2025లో ఐటీసీ వాళ్ళు ఆ కంపెనీని 472 కోట్ల రూపాయల దాకా ఇచ్చి కొనేదానికి ఒప్పందం చేసుకున్నారు.

వదిన: ఏం కొనినారు? భూములా?

మరిది: భూములు రైతులవే. పేరు కొన్నారు, సరఫరా దారులు కొన్నారు, అంగళ్ళలో ఉన్న చోటు కొన్నారు.

వదిన: పేరుకు అంత రేటు ఎందుకొచ్చింది?

మరిది: నమ్మకం. ఇరవై ఏళ్ళ నమ్మకం.

వదిన: ఆ నమ్మకం మందు కొట్టని రైతుది కూడా కదా. అమ్ముడుపోయినప్పుడు మాత్రం పేరున్నోడిది.

మరిది: రైతు రోజూ వానతో జూదమాడతాడు, ఒప్పుకుంటా. కంపెనీ కూడా ఆడుతుంది. రైతు ఎంత మంచిగా పండించినా గోదాములో పురుగు పడితే నష్టం పేరున్నోడిదే. జూదమాడినోడికి లాభం పోతుంది.

వదిన ఈ జవాబును ఒప్పుకోలేదు. నాకు కూడా సగమే నచ్చింది. ఆర్గానిక్ సరుకు విలువలో పెద్ద భాగం గింజలో ఉండదు, గింజ మీద జనానికి ఉన్న నమ్మకంలో ఉంటుంది. ఆ నమ్మకం ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో మార్కెట్ పెరిగినప్పుడల్లా వాళ్ళే పెరుగుతారు. మరిది దీన్ని వ్యాపారం అంటాడు, వదిన అన్యాయం అంటుంది. దీనికి మూడో దారి ఒకటి ఈ జిల్లాలోనే ఉంది.

వదిన: చెన్నేకొత్తపల్లి పక్క టింబక్టు వాళ్ళ సంగతి చూడు మరి. ఆడ రైతుల సంఘమే కొంటాది, సంఘమే పొట్టు తీస్తాది, సంఘమే ప్యాకెట్ మీద పేరు వేస్తాది. అట్లాంటిది తనకల్లులో పెట్టు. నా కొర్రలన్నీ ఇస్తా.

మరిది: టింబక్టు వాళ్ళు 1990లో వచ్చినారు వదినా. ముప్పై చిల్లర ఎకరాల బీడు కొని, దాన్ని అడవి చేసి, ఆడోళ్ళ పొదుపు సంఘాలు కట్టి, చెరువులు బాగుచేయించి, ఆ తర్వాత ఎప్పుడో సరుకు అమ్మకానికి దిగినారు. వాళ్ళ ధరణి సంఘం పెట్టింది 2008లో. లెక్క చూసుకో. పద్దెనిమిదేళ్ళు నేల మీద పని చేసినాక అంగడి తెరిచినారు. నేను బ్యాంకు అప్పు తెచ్చి అంగడి తెరిచినోడిని. నాకు పద్దెనిమిదేళ్ళు లేవు.

వదిన: నీకు లేవు. నాకు ఉండాయి. నేను యాడికీ పోను కదా.

మరిది: ప్రభుత్వాన్ని నమ్ముకుని కూర్చుంటే పద్దెనిమిదేళ్ళు కాదు, ఇంకా పడుతుంది. 2018లో ఏం చెప్పినారు? 2024 కల్లా రాష్ట్రంలో అరవై లక్షల మంది రైతులు ప్రకృతి వ్యవసాయంలోకి వస్తారని. వచ్చింది పది లక్షలు.

వదిన: పది లక్షలు తక్కువా? ఆ పని నడిపే రైతు సాధికార సంస్థకు 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, పోర్చుగల్‌లో ఇచ్చేది. మా సంఘంలో ఆ పొద్దు మిఠాయి పంచినారు. శ్రీలంకోళ్ళ మాదిరి ఒక్క ఉత్తర్వుతో యూరియా బందు అనుంటే ఏమయ్యేది? వాళ్ళు 2021లో అట్ల చేసి ఆరేడు నెలలకే వెనక్కి తీసుకున్నారు. ఈడ ఎవురి చేనులో వాళ్ళు రోంత రోంత మానుకుంటా వస్తాండారు. నువ్వే చూడు, మే నెలలో నేల మంటలు కక్కుతాంటే మేము విత్తుతాం. ముందు గింజలకు బీజామృతం, ఆనక బంకమన్ను, బూడిద పట్టించి నీడన ఆరబెడతాం. కంది, అలసంద, ఉలవ, జనుము, నువ్వులు, అన్నీ కలిపి. చీమ ఎత్తుకపోదు, ఎండకు మాడదు. ఎప్పుడో ఒక్క జల్లు పడితే మొలుస్తాది. ఏడాదికి యాభై ఐదు సెంటీమీటర్ల వానకే అలవాటు పడిన నేల ఇది. గొర్రు పట్టేనాటికి నేల మీద పచ్చ ఉంటే పదును నిలుస్తాది. నాకు ఆర్గానిక్ అంటే ఈ పదునప్పా. రేటు తర్వాత.

మరిది: బాగుంది. అయితే ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. టమోటాకు మందు కొడతాండావా లేదా?

వదిన తెంపిన కాయలను గంపలో వేసి, ఇంకో చెట్టు అందుకుంది.

వదిన: కొడతాండా.

మరిది: ఎన్నిసార్లు?

వదిన: వారానికోసారి. వాన ముసురు పడితే రెండుసార్లు. ఆకుముడత వస్తాది, కాయలో పురుగు దూరతాది. కషాయాలు కొట్టి చూసినా, పురుగు రోంత తగ్గింది గానీ కాయ మీద మచ్చ నిలబడింది. ములకలచెరువు మండీలో మచ్చున్న బాక్సును చూసి కూడా చూడరు. పక్కకు తోస్తారు. డ్రిప్పుకు, కట్టెలకు, నారుకు అప్పు తెచ్చినా. ఆ అప్పు కొర్ర తీర్చదు, టమోటా తీర్చాల. ఒక్కో ఏడు టమోటా కూడా తీర్చదనుకో, రోడ్డు మీద పారబోసి వస్తాం. మరి నువ్వు చెప్పు, నీ అంగట్లో మచ్చున్న టమోటా కొంటారా?

మరిది: ఏరి పక్కన పెడతారు.

వదిన: ఆర్గానిక్ అడిగేటోళ్ళు కూడా?

మరిది: వాళ్ళే ముందు ఏరతారు.

వదిన: అట్లయితే మందు కొట్టేది నేను గానీ, కొట్టమనేది వాళ్ళే.

మరిది: తప్పించుకోవద్దు. నీ బోరు కింద మందు టమోటా ఉన్నంతకాలం, పక్క చేని కొర్రకు కాగితం ఇచ్చేదానికి తనిఖీకి వచ్చినోళ్ళు ఆలోచిస్తారు. పంపు ఒకటే, డ్రమ్ము ఒకటే. నువ్వు నమ్మకస్తురాలివే, కానీ నీ డ్రమ్ము నమ్మకమైంది కాదు.

ఈ దెబ్బ వదినకు గట్టిగానే తగిలింది. తగలాల్సిందే కూడా. తనకల్లు, కదిరి, మదనపల్లె పక్క పల్లెల్లో 'ఈ చేను మందు లేనిది, ఆ చేను మందుది' అని గట్టు గీసి చూపించడం తేలిక. గాలికి, నీళ్ళకు ఆ గట్టు తెలియదు. ఆర్గానిక్ తిండి పెరుగుదల గురించి రాసేవాళ్ళు కొర్ర, రాగి, బెల్లం ఫొటోలు వేస్తారు. అప్పటికే మందులు పెద్దగా అడగని పంటలవి. టమోటా ఫొటో వేసిన రోజున నేను ఆ కథనం నమ్ముతాను.

మరిది: ఇంకొకటి. నువ్వు దగ్గరి మార్కెట్, దగ్గరి మార్కెట్ అంటావు. కదిరి సంతలో నీ కొర్రలకు పైసా ఎక్కువ ఇస్తారా?

వదిన: ఇయ్యరు.

మరిది: మరి ఎందుకు ఆడికే పోతావు?

వదిన: సాయంత్రానికి దుడ్లు చేతిలో పడతాయి. నా మొగం చూసి కొనేటోళ్ళకు నీ కాగితం కూడా అడ్డం రాదంట, సంఘంలో చెప్పినారు.

మరిది: అది నిజం. ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మకం ఉండి, తినేవాళ్ళకే నేరుగా అమ్మే చిన్న రైతుకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపు నా అంగడి గడప దాటదు. నువ్వు సంతలో అమ్మితే ఆర్గానిక్, అదే మూట నా అంగట్లో పెడితే కాదు.

వదిన: తిరుపతి దేవునికి 2021లో మందుల్లేని బియ్యంతో నైవేద్యం మొదలుపెట్టినారు. శనగలు, పప్పులు కూడా ప్రకృతి వ్యవసాయం రైతుల దగ్గర తీసుకుంటామన్నారు. దేవుడికి పెట్టినట్లే అంగన్వాడీ పిల్లోళ్ళకు, హాస్టలు పిల్లోళ్ళకు మా మండలం రాగి, కొర్ర పెడితే నీ బెంగుళూరు నాకెందుకు? పేదోడి తిండి బాగుచేసి, ఆ పేదోడికే అందని రేటుకు అమ్మేదానికా నేను మందులు మానింది?

మరిది: హాస్టలుకు ఇస్తే బిల్లు ఎప్పుడొస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు. మంచి మాటలతో స్కూలు ఫీజు కట్టలేవు వదినా. నువ్వు హాస్టలుకూ ఇవ్వు, సంతకూ ఇవ్వు, తినేదానికి ఉంచుకో. మిగిలింది నాకు ఇవ్వు. అందరూ తక్కువ రేటుకే తినాలంటే పండించేటోడు తక్కువలోనే బతకాల. ఎక్కువ ఇవ్వగలిగినోళ్ళ దగ్గర తీసుకోవడం తప్పా?

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. గంప సగం నిండింది. ఆ తర్వాత వదిన వాదం ఆపి బేరంలోకి దిగింది. వాదనలో కంటే బేరంలో ఆమె బలంగా ఉంటుంది.

వదిన: సరే, విను. ఐదుగురు ఆడోళ్ళం గుంపు కడతాం. కాగితం మా గుంపు పేరు మీద ఉండాల, నీ అంగడి పేరు మీద కాదు. ప్యాకెట్ మీద మా ఊరి పేరు ఉండాల.

మరిది: ఉంటుంది.

వదిన: రేటు ఉగాదికే మాట్లాడాల. కల్లం అయినాక కాదు.

మరిది: రేటు ముందే చెప్పి, పంట కాలంలో మార్కెట్ పడిపోతే?

వదిన: వాన రాకపోతే నేనేం చేస్తానో నువ్వూ అదే చెయ్యి. పొట్టు కదిరిలోనే తీయించాల. తవుడు మా బర్రెలకు రావాల, బెంగుళూరు కుప్పతొట్లోకి పోకూడదు.

మరిది: అది నాకూ మంచిదే, లారీ బాడుగ తగ్గుతుంది.

వదిన: మొదటి రెండేళ్ళు, నువ్వు ఆర్గానిక్ అని రాయలేని రెండేళ్ళు, మామూలు రేటు మీద రోంత ఎక్కువ ఇయ్యాల.

మరిది: అది కుదరదు. పేరు రాయకుండా ఎవరిస్తారు నాకు ఎక్కువ?

వదిన: మందు కొట్టలేదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ తెలిసినదానికి సగం నువ్వు పెట్టు, సగం నేను పోగొట్టుకుంటా.

మరిది: సగానికి సగం... సరే. మొదటి ఏడు మాత్రం. రెండో ఏడు చూద్దాం. టమోటా సంగతి?

వదిన: బోరు కింద పావెకరం మందు లేకుండా వేస్తా. మచ్చున్న కాయ కూడా నువ్వే తీసుకోవాల. అమ్ముకుంటావో, ఊరగాయ పెట్టిస్తావో నీ ఇష్టం.

మరిది: నన్ను ముంచుతాండావు.

వదిన: పదేళ్ళ నుంచి మండీ నన్ను ముంచుతాంది, నేనేమన్నా అన్నానా? ఇంకొకటి. సరుకు ఎత్తిన వారానికి దుడ్లు పడాల. 'అమ్ముడైనాక ఇస్తా' అనేది ఈ తూరి లేదు.

మరిది: వారమంటే కష్టం వదినా. నెల పెట్టు.

వదిన: పదిహేను రోజులు.

మరిది: సరే.

వదిన: ఇంక పోయిన సంక్రాంతికి ఎత్తుకపోయిన నాలుగు మూటల అలసందల లెక్క.

మరిది: బెంగుళూరు పోతూనే ఫోన్‌పే చేస్తా.

వదిన: ఇప్పుడే చెయ్యి. సిగ్నలు లేదంటావేమో, ఆ గడ్డివాము దగ్గరికి పోయి నిలబడు, బాగా వస్తాది.